పదిన్నరకే కొట్టిన చాయ్ గంట

ఏడో తరగతిలో సైన్సు రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పే అవకాశం ఇవ్వకుండా మా నాయన నన్ను పైపుల మేస్త్రీ దగ్గర పనికి పెట్టాడు. ఆ మేస్త్రీ చేతి కింద నేను బిగించిన పైపులే తర్వాత హనుమకొండలో ఒక విశ్వవిద్యాలయపు పరిశోధన భవనం గోడల్లోకి పోయాయి. ఆ భవనంలోకి వచ్చినవాళ్ళందరూ సైన్సు పాసై వచ్చినవాళ్ళు. తప్పి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా ఉద్యోగ విరమణ దాకా నన్నెవరూ బయటకు పంపలేకపోయారు. ఎట్లా పంపుతారు, గేటు తాళం కూడా నా దగ్గరే ఉండేది.

నన్ను పనిలో పెట్టుకోవడానికి కారణం నా తెలివి కాదు, మేస్త్రీ తెలివి తక్కువతనం. పని అయిపోగానే ఆయన పైపుల నక్షా పోగొట్టేశాడు. నెల తిరగకుండానే పై అంతస్తు గోడ చెమర్చింది. ఏ గోడలో ఏ పైపు పోతోందో ఎవరికీ తెలియదు. మా ఊరు మడికొండ నుంచి నన్ను పిలిపించారు. సైకిల్ దిగి గోడ మీద చెయ్యి వేసి, "ఈడ" అన్నాను. అక్కడే తవ్వారు, అక్కడే దొరికింది. ఆ ఒక్క మాటకు ఉద్యోగం ఇచ్చారు. డెబ్బయ్యో దశకంలో అట్లా కూడా ఉద్యోగాలు వచ్చేవి, నవ్వకండి.

కుళాయిలు, ఫ్యూజులు, మురుగు, కిటికీ అద్దాలు అన్నీ నావే. ఇప్పుడు మీలో కొందరు ఇదే పనిని మెడలో కార్డు వేసుకుని, కంప్యూటరు ముందు కూర్చుని చేస్తున్నారు. మీకు నేను నేర్పగలిగింది పెద్దగా లేదు. ఒక తప్పు చేశాను, అది చెబుతాను. మీ తప్పులు మీరు ఎలాగూ చేస్తారు, కనీసం కొత్తవి చేయండి.

ముందు భవనం సంగతి. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. ముందువైపు పోర్టికో, దాన్ని ఆనుకుని ఒక మెట్ల దారి. వెనకవైపు వరండా, అక్కడ ఇంకో మెట్ల దారి. ముందు మెట్ల కిందనే రసాయనాల స్టోరు గది. దానికి కిటికీ లేదు, గోడకు గాలి బయటకు తోసే ఫ్యాను ఒక్కటే ఉండేది. ఇవి గుర్తు పెట్టుకుంటే చాలు.

ఎనభయ్యో దశకం మొదట్లో ఒకరోజు మా హెడ్డు సారు పిలిచారు. ఆయనది కోస్తా వైపు. మెత్తని మనిషి. మెత్తగానే పని అంటగట్టేవారు.

"ఏమయ్యా, ప్రమాదాలు జరిగితే ఏం చేయాలో పైనుంచి కాగితం వచ్చింది. దీనికి ఒక మనిషి బాధ్యత తీసుకోవాలట. ఎవరికి ఇద్దాం?"

"సదువుకున్నోళ్ళకు ఇయ్యుండ్రి సార్."

"వాళ్ళు ఇంకా చదువుకుంటూనే ఉన్నారు, తీరిక లేదు. నువ్వే చూడు."

అట్లా ఆ భవనానికి భద్రత వచ్చింది. కాగితంలో రాసిన ప్రకారం పోర్టికోలో ఎర్ర స్విచ్చు పెట్టించాను. అది నొక్కితే రెండు అంతస్తుల్లోనూ కరెంటు గంట మోగుతుంది. మోగగానే అందరూ ముందు మెట్లు దిగి పోర్టికో ఎదుట వరుసగా నిలబడాలి. దాన్ని డ్రిల్లు అంటారు.

మొదటి డ్రిల్లు రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని స్విచ్చు నొక్కాను. గంట చెవులు పగిలేలా మోగింది. ముగ్గురు వచ్చారు. ఒకాయన పుస్తకాలమ్మే ఏజెంటు. ఇంకొకాయన దారి తప్పి వచ్చినవాడు, పరీక్షల విభాగం ఎటు అని అడిగాడు. మూడోవాడు పోస్ట్‌మ్యాన్, ఆయన ఎలాగూ బయటకే పోతున్నాడు.

పైకెక్కి చూశాను. ఒక లెక్చరర్ తలుపులోంచి తల బయటపెట్టి, "ఏందన్నా, బెల్లు షార్ట్ అయిందా? జర బంద్ చెయ్యి, తలకాయ నొస్తాంది" అన్నాడు. పక్క గదిలో ఆయన ఇంకా మర్యాదస్తుడు.

"ఉత్తుత్తిదా, నిజందా?"

"ఉత్తుత్తిదే సార్."

"నిజందున్ననాడు చెప్పు, తప్పకుండ వస్త."

హెడ్డు సారుకు పోయి చెప్పాను, ముగ్గురు వచ్చారని. లోపల ఎంతమంది ఉన్నారని అడిగారు. ఇరవై ఆరు అన్నాను.

"అందులో వచ్చిందెవరు?"

"మనోళ్ళు ఇంకా దిగుతాండ్రు సార్."

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "నేనూ రాలేదులే, తప్పు నాదీ ఉంది. కానీ ఒక మాట విను. నిజంగా ఏదైనా అయినరోజు, ఇరవై ఆరుగురూ బయట ఉన్నారని నువ్వు వచ్చి నాకు చెప్పాలి. ఇరవై అయిదు అంటే నేను ఒప్పుకోను" అన్నారు.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. రోజూ తలుపులు మూసేటప్పుడు ఇరవై ఆరు ముఖాలు తలుచుకునేవాణ్ణి. డ్రిల్లు ఇంకో రెండుసార్లు పెట్టాను. రెండోసారి అయిదుగురు, మూడోసారి నలుగురు. అభివృద్ధి అలా ఉంది.

అదే చాయ్ సంగతి చూడండి. వెనక వరండాలో రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది, కాజీపేట నుంచి ఎవరో తెచ్చింది. పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి నేను దాన్ని ఇనుప కడ్డీతో మూడు దెబ్బలు కొట్టేవాణ్ణి. ఆ పక్కనే కంటీన్ నడిపే ముసలాయన, అందరం మామ అనేవాళ్ళం, ఒక చేత్తో కెటిలు, ఇంకో చేత్తో తీగ బుట్టలో ఇరవై ఆరు గ్లాసులు పట్టుకుని వచ్చేవాడు. రెండు నిమిషాల్లో భవనం మొత్తం వెనక మెట్ల మీద నుంచి దిగేది. మునుపు చాయ్ పైకే పంపేవాళ్ళం. ఒకసారి ఒక గ్లాసు అడుగున నీలంగా ఏదో పేరుకుని తిరిగొచ్చింది. మామ దాన్ని ఎండకు పట్టి చూసి, "గిండ్ల ఏం గలిపిండ్రు అయ్యా? రేపు ఈ గ్లాసు ఎవరికిస్తనో నాకే తెల్వది. ఇగ నా గ్లాసు ఈ వరండా దాటది" అన్నాడు. ప్రొఫెసర్లయినా సరే, తాగాలంటే దిగి రావలసిందే. ప్రభుత్వం కాగితం వల్ల కానిది మామ కోపం వల్ల అయింది.

ఇక నా తప్పు.

ఆ ఏడు ఉగాది సెలవులు అయిపోయి వచ్చేసరికి స్టోరు గది ఫ్యాను వెనక, గోడ రంధ్రంలో, ఒక పావురం గూడు పెట్టి రెండు గుడ్లు పెట్టింది. ఫ్యాను వేయబోతుంటే స్టోరు అటెండరు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన మా అందరికంటే పెద్దవాడు, కాకా అనేవాళ్ళం.

"జర ఆగు బిడ్డా. ఫ్యాన్ ఏసినవంటె రెక్కలకు తగిలి తల్లి సస్తది. పాపం మనకెందుకు?"

"మరెట్ల కాకా? ఎండకాలంల ఈ గదికి గాలి గావాలె."

"ఎన్ని దినాలు, ఇరవై దినాలల్ల పిల్లలైతయ్, ఇంకిన్ని దినాలల్ల ఎగిరిపోతయ్. తలుపు తెరిసి పెడత తియ్యి, ఫికర్ చెయ్యకు."

నేను ఫికర్ చేయలేదు. ఎవరైనా పొరపాటున స్విచ్చు వేస్తారేమోనని ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను కూడా. చాలా జాగ్రత్తపరుణ్ణి కదా. ఆ గదిలో ఏయే సీసాలున్నాయో, వేడెక్కితే ఏమవుతాయో పైన ఇరవై మందికి తెలుసు. వాళ్ళలో ఒక్కరినీ అడగలేదు. సైన్సు తెలిసినవాళ్ళను అడిగితే ఫ్యాను వేయమంటారని మాకు ముందే తెలుసు, అందుకే అడగలేదు. అడగకపోవడం మరిచిపోయి కాదు, కావాలనే. దీన్ని మాత్రం జోకు చేయడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఫ్యూజు పీకిన పదకొండో రోజు. శనివారం. ఎండ పొద్దున్నే మాడ్చేస్తోంది. పదిన్నర కావస్తుండగా నేను పోర్టికో పక్కన కుళాయికి వాషరు మారుస్తున్నాను. లోపల ఏదో పగిలిన చప్పుడైంది. కాకా రెండు చేతులతో కళ్ళు మూసుకుని, దగ్గుతూ, గోడలు తడుముకుంటూ బయటకొచ్చాడు. వెనకే వాసన. ముక్కులో సూది గుచ్చినట్టుంది.

"అమ్మోనియా బిడ్డా. మూత తీస్తాంటెనే ఎగిరిపాయె. సీస చేతులకెల్లి జారింది. మీద ఇంకోటి పడ్డది."

ఆ ద్రావణం వేడికి సీసాలోనే ఉబ్బి కూర్చుంటుంది. మూత తీయగానే లేస్తుంది. ఊపిరి, కళ్ళు రెంటినీ మండిస్తుంది. కాకాను కుళాయి కింద కూర్చోబెట్టి, తోటమాలిని పిలిచి, "కండ్లల్ల నీళ్ళు కొడుతనే ఉండు, సాలన్నా ఇడవకు" అన్నాను. ఎర్ర స్విచ్చు దగ్గరికి ఉరికాను. వేలు దాని మీద పెట్టాను.

అక్కడ ఆగిపోయాను. ఆ ఆవిరి పైకి పోయే రకం. ముందు మెట్ల దారి దానికి పొగగొట్టం అయిపోయింది. కింద నిలబడి మెట్ల మలుపు వైపు చూస్తేనే కళ్ళు మండుతున్నాయి. గంట కొడితే రెండే జరుగుతాయి. డ్రిల్లు అనుకుని ఎవరూ కదలకపోవడం ఒకటి. లేదా జీవితంలో మొదటిసారి నా మాట విని, నేను నేర్పినట్టే, బుద్ధిగా ముందు మెట్లు దిగడం ఇంకొకటి. రెండోదే ఎక్కువ భయం వేసింది.

వేలు తీసి, భవనం చుట్టూ వెనక్కి ఉరికాను. కడ్డీ తీసుకుని రైలు పట్టాను మూడు దెబ్బలు కొట్టాను. ఎప్పటిలాగే, తొందర పడకుండా.

మామ కంటీన్ లోంచి అరిచాడు. "గిదేం టైం రా? ఇంక పాలే పొంగలే."

"ఉత్త గ్లాసులన్న పట్టుకొని ఉరికి రా మామా, అడగకు."

దిగారు. ఒక్కొక్కరే, కబుర్లు చెప్పుకుంటూ, చెప్పులు ఈడ్చుకుంటూ, ఎంత నింపాదిగా దిగారంటే నాకు వెనక నుంచి తోయాలనిపించింది. "ఇయ్యాల ముందుగనే పిలిచినవేందన్నా, నీ పెండ్లి రోజా?" అని ఒకడు. డ్రిల్లు రోజు నిజమైనప్పుడు వస్తానన్నాయన అందరికంటే ముందే దిగాడు, మాట తప్పలేదు. వచ్చినవాడి చేతిలో వచ్చినట్టు మామ ఖాళీ గ్లాసు పెడుతున్నాడు. వాళ్ళు గ్లాసులోకి చూస్తున్నారు, మామ మొహం చూస్తున్నారు.

హెడ్డు సారు కూడా గ్లాసు పట్టుకుని, "ఏమయ్యా, ఇందులో ఏమీ లేదు" అన్నారు.

"ముందటి మెట్ల కింద అమ్మోనియా సీసలు పలిగినయ్ సార్. కాకా బయటనే ఉన్నడు, కండ్లు కడుగుతాండ్రు. ఎవ్వరు ముందటికి పోవద్దు."

మామ బుట్టలోకి చూసి అన్నాడు, "రెండు గ్లాసులు మిగిలినయ్."

నేను కంటీన్లోనే తాగేవాణ్ణి, నాది ఆ లెక్కలో లేదు. ఒకటి కాకాది. ఇంకొకటి?

మామ అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. ఆయనకు పేర్లు రావు, ఎవరికి చక్కెర ఎంతో మాత్రం తెలుసు. "చక్కెర తక్కువ తాగే మేడం రాలే. పై మూల రూము. పొద్దుగాల హసన్‌పర్తి బస్సు దిగంగ చూసిన."

ఆ మూల గది ముందు మెట్ల పక్కనే. అందులో పరిశోధన చేసే ఆమె నాలుగేళ్ళుగా అక్కడే ఉంది. అంటే నా లెక్క ఇరవై అయిదు.

హెడ్డు సారు ఏదో అంటున్నారు, ఆగమనే అయి ఉంటుంది. నేను తువ్వాల నీళ్ళలో ముంచి ముక్కుకు కట్టుకుని అప్పటికే సగం మెట్లు ఎక్కాను. పైన నడవా సగం దాటాక కళ్ళు తెరవలేకపోయాను. గోడ పట్టుకుని పోయాను. గోడలు నాకు తెలుసు కదా, లోపలి పైపులతో సహా. మూల గది తలుపు మూసి ఉంది. తోశాను.

ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బల్ల దగ్గర నిలబడి ఉంది. బల్ల మీద గాజు ఫ్లాస్కు ఉడుకుతోంది.

"మేడం, నడువుండ్రి. గంట ఇనవడలేదా?"

"ఇనవడ్డది అన్నా. ఇయ్యాల్టి సంది శనివారాలు ఒక్కపొద్దు పట్టిన. చాయ్ తాగ."

ఆ ఒక్క ముక్క ఏ కాగితంలోనూ రాయలేదు. చాయ్ కోసం అందరూ దిగుతారని లెక్క వేశాను గాని, దేవుడి కోసం దిగనివాళ్ళు ఉంటారని వేయలేదు.

"చాయ్ గాదు మేడం. కింద అమ్మోనియా పలిగింది. నడువుండ్రి."

"అట్ల చెప్పు మరి. పక్క ల్యాబోళ్ళది వాసన అనుకుంటాన." ఆమె కదలలేదు. "ఇండ్ల ఈథర్ ఉన్నది. గిట్లనే ఇడిసిపెట్టి పోతే బిల్డింగు అంటుకుంటది. హీటర్ బంద్ జెయ్యాలె, ఫ్లాస్కు దించాలె. ఆవిరిని సల్లగ జేసే నీళ్ళు మాత్రం బంద్ చెయ్యకు."

నేను చెయ్యి పట్టి లాగడానికే వచ్చాను. ఈథర్ అన్న మాట విని ఆగాను. ఆ గది సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలియదు. పదకొండు రోజుల కింద నేర్చుకోవలసింది ఆ నిమిషంలో నేర్చుకున్నాను. ఆమె హీటరు ఆపింది, ఫ్లాస్కు కిందికి దించింది, గొట్టాల్లో నీళ్ళు పోతున్నాయో లేదో వేలితో చూసింది. అంతా నిమిషం కూడా పట్టి ఉండదు. నాకు మాత్రం ఏడో తరగతి సైన్సు పరీక్ష కంటే పొడుగ్గా అనిపించింది. తువ్వాల ఆమెకిచ్చాను. ఇద్దరం వెనక మెట్ల దాకా గోడ పట్టుకుని నడిచాం. నేను ముందు, ఆమె నా చొక్కా వెనక పట్టుకుని.

కింద వరండాలో హెడ్డు సారు ఎదురొచ్చారు. దగ్గు ఆగాక చెప్పాను, "ఇరవై ఆరు సార్."

ఆయన తల ఊపి, పక్కకు తిరిగి చాలాసేపు కళ్ళు తుడుచుకున్నారు. అమ్మోనియా ఆ వరండా దాకా రాలేదు.

తర్వాత జరిగింది పనే. ఫైరింజను వచ్చింది. స్టోరు గదిని నీళ్ళతో ముంచి కడిగారు. కాకాను దవాఖానకు తీసుకుపోయారు. రెండు రోజులు కళ్ళకు గుడ్డ కట్టారు, చూపుకు ఏమీ కాలేదు. పావురం ఎప్పుడో ఎగిరిపోయింది. గూడును అట్టపెట్టెలో పెట్టి సన్‌షేడు మీద ఉంచాను. అది మళ్ళీ రాలేదు. ఆ రెండు గుడ్లూ అట్లాగే ఉండిపోయాయి.

విచారణ రోజు హెడ్డు సారు కాకాను అడిగారు, ఫ్యాను ఎందుకు తిరగడం లేదని. కాకా కళ్ళు ఇంకా చింతనిప్పుల్లా ఉన్నాయి. నా వైపు చూడకుండానే, "ఖరాబైంది సార్" అన్నాడు.

ఆయనకు ఇంకో ఏడాదే సర్వీసు ఉంది, ఆ అబద్ధం దొరికితే ఆయన మెడకే చుట్టుకుంటుంది. నేను జేబులోంచి ఫ్యూజు తీసి బల్ల మీద పెట్టాను. పావురం సంగతి మొత్తం చెప్పాను. హెడ్డు సారు ఫ్యూజును వేళ్ళతో అటూ ఇటూ తిప్పారు.

"నన్నడిగితే ఏం చెప్పేవాణ్ణో తెలుసా?"

"ఫ్యాన్ ఎయ్యిమందురు సార్."

"కాదు. సీసాలు ఇంకో గదిలోకి మార్చమనేవాణ్ణి. పావురమూ ఉండేది, సీసాలూ ఉండేవి."

నలభై ఏళ్ళు కావస్తోంది, ఆ మాటను ఇప్పటికీ తవ్వుకుంటూనే ఉంటాను. అడిగితే ఫ్యానో పావురమో, రెండింట్లో ఒకటే మిగులుతుందని ఎందుకనుకున్నామో. చదువుకున్నవాళ్ళకు జాలి ఉండదని మేం అనుకున్నాం, అంతే. మీలో ఎవరైనా స్టోరు గదుల్లో పనిచేస్తుంటే, పైనున్నవాళ్ళను అడగడానికి మొహమాటపడకండి. మహా అయితే కాదంటారు. ఒక్కోసారి మీకంటే మంచి ఉపాయం చెబుతారు, అది కాస్త అవమానంగానే ఉంటుంది, ఓర్చుకోవాలి.

ఆ నెలలోనే డ్రిల్లు మారింది. ఎర్ర స్విచ్చు ఉండనే ఉంది గాని, రైలు పట్టా కూడా కాగితంలోకి ఎక్కింది. ఆగకుండా కొడితే ప్రమాదం, మూడు దెబ్బలయితే చాయ్. ఎటువైపు దిగాలో కేక వేసి చెప్పాలి. మామ గ్లాసుల బుట్ట అధికారికంగా మనుషుల లెక్క అయింది. ఒక్కపొద్దు ఉన్నవాళ్ళు కూడా దిగి ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడాలని హెడ్డు సారు ప్రత్యేకంగా రాయించారు. మొదటి కొత్త డ్రిల్లుకు ఇరవై ఆరుగురూ వచ్చారు. పోస్ట్‌మ్యాన్ కూడా వచ్చాడు.

నాకు ఒక మెమో అందింది. ఇంగ్లీషులో ఉంది. మూల గది మేడం దగ్గరికి తీసుకుపోయి చదివి పెట్టమన్నాను. ఆమె చదివి నవ్వింది.

"మొదటి పేరాల ఫ్యూజు పీకినందుకు సంజాయిషీ అడిగిండ్రు. రెండో పేరాల అందర్ని బయటికి తెచ్చినందుకు మెచ్చుకున్నరు."

"మొదటిది ఇడిసిపెట్టుండ్రి మేడం. రెండోది జర ఇంకోసారి సదువుండ్రి."

చదివింది. నాకు బలం వచ్చింది.

"ఇన్నరు గద మేడం, సర్కారే రాసిచ్చింది. మీ పానం కాపాడినోణ్ణి. ఇయ్యాల శనివారం గూడ గాదు. ఒక చాయన్న తాపియ్యరా?"

ఆమె మెమో మడిచి నా చొక్కా జేబులో పెట్టింది.

"తాపిస్త అన్నా, ఎందుకు తాపియ్య. నా పానం మీదికి తెచ్చినోడు గూడ ఈడనే ఉన్నడు గద, ఆయన్ను గూడ పిలువు. ఇద్దరికి కలిపి ఒక్క గ్లాసు పోపిస్త."